అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్లు ఇంట్లో పాటించాల్సిన జాగ్రత్తలు

గుండెలో లోహపు వాల్వు వేయించుకున్నవాళ్లకీ, రుమాటిక్ జబ్బుతో మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండేది) బాగా సన్నబడి గుండె లయ తప్పినవాళ్లకీ మన దగ్గర ఎక్కువగా రాసేవి రెండు మందులు. ఒకటి అసిట్రోమ్ పేరుతో దొరికే అసినోకౌమరాల్, రెండోది వార్ఫరిన్. రక్తం పల్చబడే మాత్రలంటారు గానీ వీటివల్ల రక్తం చిక్కదనం మారదు. విటమిన్ కె సాయంతో కాలేయం తయారుచేసే, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను ఇవి తగ్గిస్తాయి, అంతే. జనం అదే పేరుతో పిలిచే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వేరే తరహా మందులు. అందుకే ఎక్కడికి వెళ్లినా "రక్తం పల్చబడే మాత్ర" అని ఊరుకోకుండా మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో చెప్పండి.

మాత్ర రోజూ ఒకే వేళకు పడాలి. సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య పెట్టుకుంటే మంచిది. పొద్దున రక్తం ఇస్తే మధ్యాహ్నానికి రిపోర్టు వస్తుంది, డాక్టరు మోతాదు మారిస్తే ఆ రాత్రి నుంచే అమలు చేయొచ్చు. ఎప్పుడైనా మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తెల్లారాక గుర్తొస్తే ఆ మాత్ర వదిలేసి, ఆ రోజుది మామూలు వేళకే వేసుకోవాలి. నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి రెండు మింగకూడదు. అసినోకౌమరాల్ ప్రభావం వార్ఫరిన్ కంటే త్వరగా దిగిపోతుంది. లోహపు వాల్వు ఉన్నవాళ్లు వరసగా రెండు మూడు రోజులు మానేస్తే వాల్వు మీద గడ్డ కట్టే ముప్పుంది.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, వేసుకున్న మిల్లీగ్రాములు, ఐఎన్‌ఆర్ విలువ రాస్తే చాలు. ఐఎన్‌ఆర్ అంటే రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె. అది మరీ పెరిగితే రక్తం కారే ముప్పు, పడిపోతే గడ్డ కట్టే ముప్పు. "ఒక మాత్ర", "సగం మాత్ర" అని మాత్రం రాయకండి. ఎందుకంటే అసిట్రోమ్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. 4 మి.గ్రా. మాత్రలో సగం వేసుకునే మనిషికి షాపులో ఆ సైజు లేక 2 మి.గ్రా. స్ట్రిప్ ఇచ్చారనుకోండి. అలవాటు కొద్దీ సగమే తుంచుకుంటే ఒంట్లోకి వెళ్లేది 1 మి.గ్రా. మాత్రమే. వారం తిరిగేసరికి ఐఎన్‌ఆర్ పడిపోతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. కౌంటరు దగ్గరే స్ట్రిప్ తిప్పి అంకె చదవండి. సోమ, బుధ, శుక్రవారాలు 3, మిగతా నాలుగు రోజులు 2 అని డాక్టరు రాస్తే వారానికి 17 మి.గ్రా. ఆ మొత్తం కూడా పుస్తకంలో ఉండాలి, డాక్టరు హెచ్చుతగ్గులు లెక్క కట్టేది దాని మీదే.

పీటీ ఐఎన్‌ఆర్ పరీక్షకు పరగడుపున వెళ్లక్కర్లేదు. ఈ మందు వాడనివాళ్లకు ఐఎన్‌ఆర్ 1 దగ్గర ఉంటుంది. గుండె లయ తప్పినవాళ్లకూ, కాలి సిరలో గడ్డ కట్టినవాళ్లకూ సాధారణంగా 2 నుంచి 3, మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉంటే 2.5 నుంచి 3.5 ఉండాలంటారు. మీకు ఎంత ఉండాలో డాక్టరుతో రాయించుకోండి. మొదట్లో కొద్ది రోజులకోసారి, నిలకడగా ఉంటే సుమారు నెలకోసారి పరీక్ష సరిపోతుంది. ల్యాబులో నీలం మూత ట్యూబులో గీత వరకు రక్తం నిండిందో లేదో చూడండి. అందులో ముందే పోసి ఉన్న సిట్రేట్ (ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఒక పాలుకు రక్తం తొమ్మిది పాళ్లు పడాలి. తక్కువ పడితే ఐఎన్‌ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అది నమ్మి మోతాదు తగ్గిస్తే ప్రమాదం. వీలైనంత వరకు ఒకే ల్యాబుకు వెళ్లండి.

ఆకుకూరలు పూర్తిగా మానేయమని ఇరుగుపొరుగు చెబుతుంటారు. అది తప్పు. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకుల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది, నిజమే. కానీ వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే అలాగే తినండి, మందు మోతాదు ఆ తిండికి తగ్గట్టే కుదురుతుంది. చిక్కంతా ఒక్కసారిగా మార్చినప్పుడే. ఆషాఢం వచ్చిందని వరసగా వారం మునగాకు తింటే ఐఎన్‌ఆర్ పడిపోవచ్చు. కార్తీకమాసం ఉపవాసాల్లోనో, విరేచనాలు పట్టుకునో తిండి తగ్గితే పెరిగిపోవచ్చు. అలాంటప్పుడు ముందుగానే పరీక్ష చేయించండి. ఒకేసారి ఎక్కువ మద్యం తాగినా పెరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది పక్కనుంచి వచ్చి చేరే మందులకు. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, మూత్రంలో మంటకు ఇచ్చే కోట్రైమాక్సజోల్, తామరకు ఇచ్చే ఫ్లుకోనజోల్, నోటిపూతకు రాసుకునే మైకోనజోల్ జెల్ కూడా ఐఎన్‌ఆర్‌ను బాగా పెంచేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్ దించేస్తాయి. కాబట్టి కొత్త మందు మొదలుపెట్టినా, ఆపినా మూడు నుంచి అయిదు రోజుల్లో ఐఎన్‌ఆర్ చూపించుకోండి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఏసిక్లోఫెనాక్ వద్దు. అవి కడుపులో పుండు చేసి రక్తం కారేలా చేస్తాయి. పారాసెటమాల్ వేసుకోవచ్చు, కానీ రోజుకు 2 గ్రాములు మించి కొన్నాళ్లు వాడితే అదీ ఐఎన్‌ఆర్‌ను పెంచుతుంది. పసరు మందులు, పొడులు డాక్టరుకు చెప్పకుండా మొదలెట్టకండి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు జ్వరమని వెళ్తే పిర్రకు సూది వేయడం మామూలే. మీకు అది కుదరదని ముందే చెప్పండి. కండలో లోపలే రక్తం కారి గడ్డలా ఉబ్బుతుంది. పన్ను పీకించుకోవాలన్నా, ఆపరేషనన్నా మందు సొంతంగా ఆపకండి. చాలాసార్లు మందు ఆపకుండానే పన్ను తీయొచ్చు, ఒకటి రెండు రోజుల ముందు ఐఎన్‌ఆర్ చూపించి, దంతాల డాక్టరుతో గుండె డాక్టరును మాట్లాడించండి. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. 6 నుంచి 12 వారాల మధ్య ఈ మందులు బిడ్డకు అవకరం చేయగలవు. అలాగని భయంతో మానేస్తే తల్లి వాల్వుకు ప్రమాదం. నెల తప్పిందని అనుమానం వస్తే ఆ రోజే వెళ్లండి.

ముక్కు నుంచి రక్తం కారితే ముందుకు వంగి కూర్చుని, మెత్తటి భాగాన్ని 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా పట్టుకోండి. అప్పటికీ ఆగకపోయినా, మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రగా ఉన్నా, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నల్లగా కమిలినా ఆసుపత్రికి వెళ్లండి. తలకు దెబ్బ తగిలితే పైకి గాయం లేకపోయినా, మనిషి బాగానే మాట్లాడుతున్నా ఆగకండి, లోపల రక్తం మెల్లగా చేరవచ్చు. మూతి వంకరపోవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం, ఉన్నట్టుండి ఆయాసం, ఎప్పుడూ వినిపించే వాల్వు టిక్‌టిక్ మసకబారడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. ఐఎన్‌ఆర్ 5 దాటితే రక్తం కారకపోయినా, ఆ రాత్రి మాత్ర వేసుకునే ముందే డాక్టరుకు చెప్పండి.

పరీక్షల బెడద లేని డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ వచ్చాయి కదా అని కొందరు అడుగుతారు. లోహపు వాల్వు ఉన్నవాళ్లు వాటిని వాడకూడదు. రుమాటిక్ జబ్బుతో మైట్రల్ వాల్వు సన్నబడినవాళ్లకూ పాత మందులే మేలు.

జేబులో ఒక కార్డు ఉంచండి. అందులో మందు పేరు, మోతాదు, వాల్వు ఏ స్థానంలో ఉందో, ఉండాల్సిన ఐఎన్‌ఆర్, డాక్టరు ఫోను, ఇంటి ఫోను రాసి ఉండాలి. స్పృహ తప్పిన మనిషి తరఫున 108 సిబ్బందికి ఆ వివరాలు చెప్పేది ఆ కార్డే.