పిడుగుల కాలంలో టీవీ ప్లగ్ ఒక్కటే తీస్తే సరిపోదు

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చేస్తుంది. సాయంత్రానికి ఒక్కసారిగా మబ్బు కమ్ముకొస్తుంది. మన దగ్గర పిడుగుల భయం ఎక్కువగా ఉండేది ఈ వానల్లోనే. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి.

పిడుగు మన ఇంటి మీదే పడనక్కర్లేదు. పక్క వీధిలో కొబ్బరిచెట్టు మీద పడినా చాలు, దగ్గర్లోని పొడవాటి వైర్లన్నిటిలో క్షణంపాటు విపరీతమైన వోల్టేజీ పుడుతుంది. డాబా మీది డిష్ నుంచి హాల్లోకి దిగే వైరు కూడా అలాంటిదే. అందులోంచి సెటాప్ బాక్సులోకి, అక్కణ్ణుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా టీవీలోకి పాకుతుంది. స్విచ్ ఆపేశాం కదా అని ధీమాగా ఉన్న ఇళ్లలో కూడా టీవీలు పోయేది ఇందుకే. రిమోట్‌తో ఆపడం అసలు లెక్కలోకే రాదు.

ముందు టీవీ, బాక్సు ప్లగ్‌లు పీకండి. బాక్సు ఆన్‌లో ఉన్నంతసేపూ డిష్ వైరులో 13 లేదా 18 వోల్టులు వెళ్తుంటాయి కాబట్టి ఈ వరస తప్పొద్దు. తర్వాత బాక్సు వెనక మరతో బిగించిన డిష్ వైరును విప్పి, దాని కొసను టీవీకి, బాక్సుకు, కిటికీ ఊచలకు తగలకుండా నాలుగడుగుల దూరంలో పెట్టండి. బయటి నుంచి రాగి వైరుతో ఇంటర్నెట్ వస్తుంటే రౌటర్‌కూ ఇదే జాగ్రత్త.

ఇదంతా ఉరుములు మొదలవకముందే జరగాలి. మెరుపు తర్వాత మూడు సెకన్లకు ఉరుము వినిపిస్తే పిడుగు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. 30 సెకన్ల లోపే వినిపిస్తే ఇక ఏ వైరూ ముట్టుకోవద్దు. టీవీ పోతే పోనివ్వండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ తగిలించండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ ఫోన్లో ఉంటే చుట్టుపక్కల పిడుగుల సంగతి ముందే తెలుస్తుంది.

దయచేసి ఒక్క మాట వినండి. వానకు సిగ్నల్ పోయిందని డిష్ సరిచేయడానికి డాబా ఎక్కొద్దు, పిల్లల్ని ఎక్కించొద్దు. దట్టమైన వాన సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, వాన తగ్గితే అదే వస్తుంది.

స్టెబిలైజర్, ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్) పిడుగును ఆపలేవు. ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని అడ్డుకునే స్పైక్ గార్డు కొంత మేలే గానీ, ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో దాన్ని నమ్ముకోలేం. పైగా అది కరెంటు వైపే కాస్తుంది, డిష్ వైరును పట్టించుకోదు. ఈ కాలం ముదరకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి డిష్ స్టాండును రాగి తీగతో ఇంటి ఎర్తింగ్‌కే కలిపించండి. దానికి విడిగా ఇంకో ఎర్త్ వేసి, రెండిటినీ కలపకుండా వదిలేస్తే ప్రమాదం. ఎండాకాలం ఎర్త్ గుంటలో మట్టి ఎండిపోయి పట్టు తగ్గుతుంది, అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోస్తుండండి.

సెలవులకు ఊరెళ్తుంటే మబ్బు ఉన్నా లేకపోయినా, తాళం వేసేముందే ప్లగ్‌లు, డిష్ వైరు తీసేసి వెళ్లండి.