గ్యాస్ అయిపోయిందని ఒప్పుకునే ముందు: వేసవికి కారు ఏసీ జాగ్రత్తలు

మా వీధిలో కార్లన్నీ వేపచెట్ల కిందే ఉంటాయి. నీడకి నీడ, పైసా ఖర్చు లేదు. కానీ మాఘం దాటేసరికి ఆ చెట్లు ఆకు రాలుస్తాయి. ఎండుటాకులు ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరుండే జాలీలోంచి జారి ఏసీకి గాలి వెళ్ళే దారిలో పేరుకుంటాయి. ఉగాది నాటికి పూత కూడా రాలి దానిమీద ఇంకో పొర పడుతుంది. సరిగ్గా అప్పుడే ఎండలు మొదలవుతాయి. ఏసీ వేస్తే గాలి సన్నగా, నీరసంగా వస్తుంది. షెడ్డుకి తీసుకెళ్తే బానెట్ పూర్తిగా ఎత్తకముందే మాట వచ్చేస్తుంది: "గ్యాస్ అయిపోయింది సార్."

వరసగా మూడు వేసవులు ఆ మాట నమ్మి గ్యాస్ పట్టించాను. నాలుగో ఏడాది వేరే మెకానిక్ దగ్గరికి వెళ్తే, అతను టార్చి వేసి కండెన్సర్ పైపు జాయింటు దగ్గర జిడ్డు మరక చూపించాడు. "పెట్రోలు లాగా ఖర్చైపోవడానికి ఇది ఇంధనం కాదు కదండీ, ఎక్కడో కారుతోంది" అన్నాడు. లోపలున్న చిన్న రబ్బరు రింగు ఎండిపోయింది. దాన్ని మార్చాక ఇక ఏటా గ్యాస్ పట్టించే పని తప్పింది. రింగు ఖరీదు చెబితే నవ్వుతారు.

అందుకే ఈ నాలుగు మాటలు. ఏసీలో గ్యాస్ మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది, రేడియేటర్ ముందున్న కండెన్సర్ దానిలోని వేడిని బయటికి వదులుతుంది, డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో అది ఆవిరవుతూ మన గాలిలోని వేడిని లాక్కుంటుంది. మళ్ళీ కంప్రెసర్‌కి. చిన్న కార్లలో మొత్తం గ్యాస్ అర కిలో కూడా ఉండదు. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తగ్గడం మామూలే గానీ, ఏటా తగ్గిపోతోందంటే అది లీకే.

ఈ పరీక్షకి మంచి కాలం ఫిబ్రవరి చివర, మార్చి మొదటి వారాలు. ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి ఏసీ షెడ్ల ముందు కార్లు బారులు తీరి ఉంటాయి. అక్కడ లీకు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు, గ్యాస్ కొట్టి పంపించేస్తారు. ఆదివారం పొద్దున్న, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, ఒక గంట చాలు.

చెయ్యి పెట్టే ముందు కొన్ని విషయాలు. కారుని ఆరుబయట పెట్టుకోండి. అపార్టుమెంటు సెల్లార్‌లో, తలుపు మూసిన షెడ్డులో ఇంజిను నడుపుతూ పని చేయకూడదు. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ఆటోమేటిక్ అయితే పార్కులో. చున్నీ, మెడలో వేలాడే తువ్వాలు, వదులు చొక్కా చేతులు ఏవీ వద్దు, బెల్టు లాగిందంటే వదలదు. ఉంగరాలు, లోహపు గొలుసు గడియారాలు తీసేయండి, బ్యాటరీ దగ్గర అవి తగిలితే కాలిపోతాయి. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. రేడియేటర్ ఫ్యాను ఇంజిను ఆపేశాక కూడా తనంతట తానే తిరగొచ్చు. ఆగిపోయింది కదా అని రెక్కల మధ్య వేలు పెట్టకండి. వేడి మీదున్న రేడియేటర్ మూత ఎందుకూ తిప్పవద్దు.

ఇక ఏసీ పైపుల మీద రెండు ప్లాస్టిక్ మూతలుంటాయి. వాటి కింద ఉన్నవి గ్యాస్ పట్టే వాల్వులు. మూతల్ని ముట్టుకోనక్కర లేదు, లోపలి పిన్నుని గుచ్చి "ఉందా లేదా" అని చూడటం అసలు వద్దు. చాలా కార్లలో ఉండే ఆర్-134ఏ గ్యాస్ మామూలు గాలి ఒత్తిడిలో సున్నాకి 26 డిగ్రీల కింద మరుగుతుంది. అంటే అది చిమ్మి చర్మం మీద పడితే మంచు గడ్డ కట్టినట్టు కాలిపోతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. నిప్పు తగిలితే విడిపోయి విషవాయువులు వస్తాయి కాబట్టి బీడీ, సిగరెట్టు పక్కన పెట్టాలి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లున్నవాళ్ళకి ఒకటే మాట: నారింజ రంగు తీగలు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. వాటిలో వందల వోల్టులుంటాయి. చాలా ఎలక్ట్రిక్ కార్లలో ఏసీ కంప్రెసర్ నడిచేది ఆ కరెంటు మీదే. మీరు ఫిల్టరు మార్చుకోవచ్చు, ముందు జాలీ కడుక్కోవచ్చు, అక్కడితో ఆపేయండి.

ముందు గాలి సంగతి, ఎందుకంటే నా లెక్కన సగం ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి. చాలా కార్లలో గ్లోవ్ బాక్సు వెనక ఏసీ ఫిల్టరు ఉంటుంది. బాక్సు రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది, వెనక సన్నటి మూత, దాని వెనక మడతల కాగితం లాంటి ఫిల్టరు. మొదటిసారి తీసినప్పుడు నాది బూడిద రంగు కూడా దాటిపోయి, మడతల నిండా వేపాకు, ఒక మూల ఎలుక తెచ్చి పెట్టిన దూది. దులిపి మళ్ళీ పెట్టేద్దామనిపిస్తుంది, కానీ కొత్తది కొనడమే మేలు. పెట్టేటప్పుడు దాని మీదున్న బాణం గుర్తు పాతది ఎటు ఉందో అటే ఉండాలి. కొన్ని తక్కువ రకం మోడళ్ళలో కంపెనీ ఫిల్టరే పెట్టదు, ఖాళీ గాడి మాత్రం వదిలేస్తుంది. అలాంటి కారులో చెత్తంతా నేరుగా కూలింగ్ కాయిల్ మీదికే వెళ్తుంది, వెంటనే ఒక ఫిల్టరు తెచ్చి పెట్టుకోండి. ఎలుక ఆనవాళ్ళు కనిపిస్తే బానెట్ కింద తీగలు కూడా చూడండి. ఏసీ పని చేయకపోవడానికి కొరికేసిన ఒక్క తీగ చాలు.

తర్వాత కండెన్సర్. ముందు బంపరు సందుల్లోంచి టార్చి వేసి చూడండి. వానాకాలం బురద, రాత్రి ప్రయాణంలో కొట్టుకున్న ఉసిళ్ళు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పొట్టు, పత్తి లారీల వెనక వెళ్ళినప్పుడు అంటుకున్న పీచు, అన్నీ ఆ సన్నటి రేకుల మధ్య కనిపిస్తాయి. వేడి బయటికి పోయే కిటికీ అది. అది మూసుకుపోతే ఎంత కొత్త గ్యాస్ పట్టించినా లాభం లేదు. ఇంజిను పూర్తిగా చల్లారాక తోట పైపుతో మెల్లగా కడగండి. కార్ వాష్ వాళ్ళ ప్రెషర్ గన్ను దగ్గర పెట్టి కొడితే రేకులు వంగిపోయి గాలి శాశ్వతంగా ఆగిపోతుంది. బ్రష్ వాడితే మెత్తటిది, రేకుల వెంబడే, అడ్డంగా కాదు.

ఇప్పుడు ఇంజిను స్టార్ట్ చేసి, చలువ పూర్తిగా పెట్టి ఏసీ వేయండి. పాత తరహా కంప్రెసర్ అయితే "టక్" అని ఒక చప్పుడు వినిపిస్తుంది, కంప్రెసర్ పుల్లీ మధ్యలోని పళ్ళెం (దీన్నే కంప్రెసర్ క్లచ్ అంటారు) తిరగడం మొదలుపెడుతుంది. దూరం నుంచే చూడండి. కొన్ని కొత్త కార్లలో ఈ క్లచ్ ఉండదు, చప్పుడు రాలేదని కంగారు వద్దు. క్లచ్ ఉన్న కారులో పళ్ళెం తిరగకపోతే, ఇంజిను ఆపి, కారు పుస్తకంలో చూసి ఏసీ ఫ్యూజు చూడండి. ఎగిరిపోయి ఉంటే అదే నంబరుది వేయాలి, పెద్ద నంబరుది వేస్తే తీగలు కాలతాయి. అది బాగుంటే రిలే, అంటే కరెంటుని కలిపి విడదీసే చిన్న డబ్బా లాంటి స్విచ్, చూడండి. హారన్ రిలే నంబరు, కాళ్ళు అచ్చం అలాగే ఉంటే రెండింటినీ అటూ ఇటూ మార్చి చూడొచ్చు.

అప్పటికీ తిరగకపోతే ఆగిపోండి. కొందరు బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగి క్లచ్‌కి కరెంటు ఇస్తారు, ఇది చాలా ఖరీదైన తెలివి. గ్యాస్ బాగా తగ్గినప్పుడు కంప్రెసర్‌ని ఆపడానికే ప్రెషర్ స్విచ్ పెట్టారు, ఎందుకంటే కంప్రెసర్‌కి కావలసిన నూనె గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది. గ్యాస్ లేకుండా బలవంతంగా తిప్పితే అది పట్టేస్తుంది, లోహపు రజను పైపులన్నిటా పాకుతుంది. వందల్లో అయ్యే పని పదివేలు దాటుతుంది.

ఏసీ వేసిన కాసేపటికి ముందు ఫ్యాను తిరుగుతోందా లేదా కూడా చూడండి. ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గర ఆగితే ఉక్క, ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే చలి అన్నట్టుంటే అనుమానం ఫ్యాను మీద, కండెన్సర్ మురికి మీద. కదిలే కారులో గాలి తనంతట తానే కొడుతుంది, ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. బయల్దేరినప్పుడు బాగా చల్లగా ఉండి, గంట తర్వాత గాలే తగ్గిపోయి, పావుగంట ఏసీ ఆపితే మళ్ళీ బాగుపడుతోందంటే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. మూసుకుపోయిన ఫిల్టరు వల్ల కావచ్చు, కాయిల్ దగ్గరి సెన్సర్ వల్ల కావచ్చు. బ్లోయర్, అంటే లోపలికి గాలి కొట్టే ఫ్యాను, పెద్ద స్పీడులో తప్ప తిరగకపోతే అది చిన్న రెసిస్టర్ పని, గ్యాస్‌కి సంబంధం లేదు. బానెట్ కింద లావుపాటి పైపు చల్లగా చెమట పట్టి ఉన్నా లోపల గాలి గోరువెచ్చగా వస్తుంటే, హీటర్ వైపు మూసుకోవాల్సిన తలుపు సరిగా మూసుకోవట్లేదు. సన్నటి పైపు మాత్రం ముట్టుకోకండి, కాలుతుంది.

వంద రూపాయల థర్మామీటరు ఉంటే ఇంకా మంచిది. జ్వరం చూసేది కాదు, గది వేడి చూసేది. అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి, బ్లోయర్ పెట్టి, పది నిమిషాల తర్వాత మధ్య రంధ్రంలో పెట్టి చూడండి. మార్చి పొద్దుటి పూట పది డిగ్రీల లోపు చూపిస్తే ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్టే. మే నెలలో రెంటచింతల రోడ్డు మీద నడిమధ్యాహ్నం అదే అంకె రావాలంటే మాత్రం కుదరదు.

కారు కింద నీళ్ళు కారితే మంచిదే, గాలిలోని తేమ అది. అదే నీరు ముందు సీటు దగ్గర మ్యాటు మీదికి వస్తే డ్రైన్ పైపు మూసుకుపోయింది. ఆ తడి జిగటగా, తియ్యటి వాసన వేస్తే అది నీరు కాదు, హీటర్ నుంచి కారే కూలెంట్, అంటే ఇంజినుని చల్లబరిచే ద్రవం. ఆలస్యం చేయకండి. ఏసీ గాలిలో ముక్కిన వాసన వస్తే దానికి సెంటు డబ్బా మందు కాదు. ఇల్లు చేరేముందు రెండు మూడు నిమిషాలు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం నడిపితే కాయిల్ ఆరుతుంది.

ఇవన్నీ చూసినా చలువ లేకపోతే షెడ్డుకే వెళ్ళాలి, కానీ ఈసారి ప్రశ్నలతో వెళ్ళండి. ముందు నైట్రోజన్‌తో లీకు చూస్తారా? గ్యాస్ పట్టే ముందు వ్యాక్యూమ్ ఎంతసేపు పెడతారు, అంటే పంపుతో లోపలి గాలిని, తేమని ఎంతసేపు లాగేస్తారు? అరగంటన్నా పెట్టాలి, లోపల తేమ మిగిలితే గడ్డకట్టి దారి మూస్తుంది, గ్యాస్‌తో, నూనెతో కలిసి ఆసిడ్ పుట్టించి పైపుల్ని తింటుంది. గ్యాస్‌ని తూకం వేసి పడతారా, ఒత్తిడి చూపే గేజీ చూసి "చాలు సార్" అంటారా? ఏ రకం, ఎన్ని గ్రాములు అన్నది బానెట్ కింద స్టిక్కరు మీద రాసి ఉంటుంది. ఎక్కువైనా చలువ తగ్గుతుంది. కొన్ని కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ ఉంటుంది, కొంచెం మండే స్వభావం ఉన్నది, ఒకదాని బదులు ఇంకోటి పట్టించకూడదు. చవకని వంటగ్యాస్ పడతామనే వాళ్ళున్నారు. డ్యాష్‌బోర్డు లోపల లీకైతే మీరు మంటతో కూర్చున్నట్టే. పాత గ్యాస్‌ని గాలిలోకి వదిలేయనివ్వకండి, కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే అది వెయ్యి రెట్లకు పైగా వాతావరణాన్ని వేడెక్కిస్తుంది.

అమెరికాలో ఉన్న మా బావమరిది "ఇక్కడ షాపులో డబ్బా కొని మేమే నింపుకుంటాం" అంటాడు. నిజమే, అమ్ముతారు. కానీ ఆ డబ్బా గేజీ ఒక వైపు ఒత్తిడే చూపిస్తుంది, లోపల ఎన్ని గ్రాములున్నాయో చెప్పదు. లీకు మూసే మందు కలిపిన డబ్బాలైతే ఇంకా ప్రమాదం, అది సన్నటి దారుల్లో గట్టిపడుతుంది.

ఏసీ బాగైపోయాక వచ్చే ముప్పు వేరు. పెళ్ళిళ్ళ కాలంలో ఫంక్షన్ హాలు సెల్లార్లలో డ్రైవర్లు అద్దాలు మూసి, ఇంజిను నడుస్తుండగా నిద్రపోతారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. ఇలా ప్రాణాలు పోయాయి. అలాంటి చోట కారులో పడుకోకండి, మీ డ్రైవరుకి లోపల ఒక కుర్చీ చూపించండి. బాబు నిద్రపోయాడు కదా, రెండు నిమిషాలే కదా అని పిల్లల్ని కారులో వదిలి వెళ్ళకండి. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా పెరగొచ్చు. దూర ప్రయాణాల్లో లోపలి గాలే గంటల కొద్దీ తిప్పుకుంటే మనం వదిలిన ఊపిరే పేరుకుని మగతగా ఉంటుంది, మధ్యమధ్యలో బయటి గాలి బటన్ నొక్కుతుండండి. ఎండలో ఉన్న కారు ఎక్కగానే అద్దాలు దించి ఒక నిమిషం నడిపి, వేడి పోయాక ఏసీ వేస్తే దానికీ శ్రమ తగ్గుతుంది.

బిల్లు మీద గ్యాస్ గ్రాములు రాయించుకుని గ్లోవ్ బాక్సులో పెట్టుకోండి. ఎప్పుడైనా మెషిన్‌తో పాత గ్యాస్ బయటికి తీస్తే ఎంత వచ్చిందో కూడా అడగండి. పట్టిందానికీ వచ్చినదానికీ ఉన్న తేడానే ఈ మధ్యలో కారిపోయింది. రింగు మార్చిన రెండేళ్ళకి మా కారులోంచి తీయించి చూస్తే, పట్టించిన 400లో 385 గ్రాములు వచ్చాయి.