అప్పులు చేయి దాటుతున్నప్పుడు అప్పులవాళ్లతో వాయిదాలు కుదుర్చుకోవడం ఎలా

జీతం పడిన మూడో రోజుకే ఖాతా ఖాళీ అయిపోయి, కార్డు బిల్లు కట్టడానికి యాప్‌లో తీసుకుని, ఆ యాప్ కట్టడానికి బావమరిదిని అడిగే దాకా వచ్చారంటే ఖర్చులు తగ్గించుకోమనే సలహాలు ఇక మీకు పనికిరావు. అప్పులిచ్చిన వాళ్లతో మాట్లాడి, నెలకు ఇంత ఇవ్వగలను, ఇన్నాళ్లలో తీరుస్తాను అని కాగితం మీద కుదుర్చుకోవాల్సిన సమయం వచ్చింది. మనలో చాలామంది ఇది చేయకుండా ఫోన్లు ఎత్తడం మానేస్తారు, సిమ్ మార్చేస్తారు, లేదా ఎవరో చెప్పారని నేరుగా సెటిల్‌మెంట్‌కి, అంటే కొంత కట్టి మిగతా బాకీ వదిలేయించుకోవడానికి, పోతారు. నన్నడిగితే సెటిల్‌మెంట్ ఆఖరి మెట్టు, మొదటిది కాదు.

ముందు భయం సంగతి చూద్దాం, ఎందుకంటే భయంలో ఉన్న మనిషి ఏజెంటు ఏది చెబితే దానికి ఒప్పేసుకుంటాడు. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. బ్యాంకు కోర్టుకు వెళ్లి డిక్రీ (బాకీ కట్టమనే తీర్పు) తెచ్చుకున్నా జీతం మొత్తం పట్టుకోవడానికి వీల్లేదు, మొదటి వెయ్యి రూపాయలు, మిగతా దాంట్లో మూడింట రెండు వంతులు మీ చేతికే రావాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతుంది. కట్టే స్తోమత ఉండి కూడా కావాలని ఎగ్గొడుతున్నారని తేలితే తప్ప డిక్రీ బాకీకి జైలు ఉండదు, ఆడవాళ్లనైతే డబ్బు డిక్రీ కింద అరెస్టే చేయకూడదు. కానీ చెక్కు బౌన్సు వేరే విషయం. అది చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు, ఖాతాలోంచి ఆటోమేటిక్‌గా పోయే ఈఎంఐ డబ్బుల్లేక తిరిగిపోయినా ఇలాంటి కేసే పెట్టొచ్చు. కాబట్టి చెక్కు బౌన్సు నోటీసు వస్తే పక్కన పడేయకండి, అందిన 15 రోజుల్లో డబ్బు కట్టేస్తే కేసు ఉండదు.

ముందు లెక్క రాసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని అన్ని అప్పులూ రాయండి, అన్నీ అంటే అన్నీ. ఇంట్లో తెలియకుండా తీసుకున్నదీ, పాడేసిన చిట్టీకి ఇంకా కట్టాల్సిన వాయిదాలూ, ఆఫీసులో అడ్వాన్సుగా తీసుకున్నదీ. ఒక్కోదాని పక్కన అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, నెలకు ఎంత కట్టాలి, తాకట్టు ఏముంది, జామీను ఎవరు అని రాయండి. జామీను గడి చాలా ముఖ్యం, ఎందుకంటే మీరు ఆపేస్తే అప్పిచ్చినవాళ్లు జామీనుదారు మీద కూడా అంతే హక్కుతో పడొచ్చు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. జీతం 45,000. అద్దె, బియ్యం, స్కూలు ఫీజు, మందులు, పెట్రోలు అన్నీ పోను 18,000 మిగులుతుంది. అందులో ఏ జ్వరానికో బండి రిపేరుకో 2,000 పక్కన పెడితే అప్పులకు ఇవ్వగలిగింది 16,000. ఇప్పుడు కట్టాల్సినవి చూడండి. పర్సనల్ లోన్ బాకీ 4,20,000, ఈఎంఐ 14,200. కార్డు బాకీ లక్షన్నర, మినిమం డ్యూ 7,500. యాప్ లోన్ 60,000, నెలకు 6,000. తెలిసినాయన దగ్గర నోటు మీద తీసుకున్న రెండు లక్షలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 4,000. మొత్తం 31,700. పదహారు వేలతో ముప్పై రెండు వేలు కట్టడం ఎవరి తరమూ కాదు, ఎంత పొదుపుగా ఉన్నా కాదు.

ఇందులో కార్డు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నెలకు మూడున్నర శాతం లెక్కన లక్షన్నరకు వడ్డీ 5,250, దాని మీద 18 శాతం జీఎస్టీ 945, రెండూ కలిపి 6,195. అంటే మీరు కట్టిన 7,500లో అసలుకు పోయింది 1,305 రూపాయలు. అందుకే మినిమం డ్యూ కడుతూ ఉంటే ఏళ్లు గడిచినా కార్డు తీరదు. కార్డు వాళ్లకు ఫోన్ చేసి మొత్తం బాకీని తక్కువ వడ్డీ ఈఎంఐ కింద మార్చమని అడగండి, దీనికి వాళ్లు మిగతా వాటికంటే తేలిగ్గానే ఒప్పుకుంటారు. 18 శాతం వడ్డీకి 36 నెలలు ఇస్తే నెలకు దాదాపు 5,400 పడుతుంది, మూడేళ్లలో బాకీ పూర్తిగా పోతుంది. ఆ కార్డు ఇక వాడకూడదు, అది వేరే చెప్పక్కర్లేదు.

బ్యాంకుకు వెళ్లాల్సింది ఎప్పుడు, అడగాల్సింది ఏమిటి

వాయిదా తప్పకముందే వెళ్లండి, తప్పినా మొదటి నెలలోనే వెళ్లండి. 90 రోజులు దాటి బాకీ ఉంటే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది, అప్పుడు మీ ఫైలు బ్రాంచి నుంచి రికవరీ వాళ్లకు పోతుంది, మీతో మాట్లాడే మనిషీ మారిపోతాడు, మాట్లాడే తీరూ మారిపోతుంది. అప్పటిదాకా మీరు కస్టమరు, ఆ తర్వాత కేసు.

అడగాల్సింది గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని. పై ఉదాహరణలో 15 శాతం వడ్డీ అనుకుంటే, పర్సనల్ లోన్ ఇంకో 37 నెలల్లో తీరాల్సింది 60 నెలలకు పెంచితే ఈఎంఐ పది వేలకు దిగుతుంది. ఊరికే కాదు, మొత్తం మీద వడ్డీ దాదాపు 70 వేలు ఎక్కువ పడుతుంది. అయినా ఒప్పుకోవచ్చనే అంటాను, ఎందుకంటే చెక్కు బౌన్సు చార్జీలు, పెనాల్టీలు, యాప్‌లో తెచ్చి సర్దడం, వీటికి అంతకంటే ఎక్కువే పోతుంది.

బ్రాంచిలో నోటితో చెప్పి రావద్దు. కౌంటర్లో కూర్చున్న అబ్బాయి 'అలాంటి ఆప్షన్ లేదు సార్' అనేస్తాడు, అతని తప్పు కూడా కాదు, ఇలా సడలింపు ఇచ్చిన లోన్లను సాధారణంగా బ్యాంకు మొండి బాకీల్లో చూపించాల్సి వస్తుంది కాబట్టి పైవాళ్లకు అది ఇష్టం ఉండదు. అందుకే రాతలో ఇవ్వాలి. ఇలా రాయండి:

'మేనేజర్ గారికి, నా లోన్ ఖాతా నంబరు ఫలానా. జూన్ నుంచి నా జీతం 58,000 నుంచి 45,000కు తగ్గింది. ప్రస్తుత ఈఎంఐ 14,200 కట్టలేని పరిస్థితిలో ఉన్నాను. నెలకు 10,000 తప్పకుండా కట్టగలను. గడువును 60 నెలలకు పెంచవలసిందిగా కోరుతున్నాను. శాలరీ స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేశాను. మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలపగలరు.'

అంతే, కష్టాల కథ పెద్దగా వద్దు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి, అదే ఉత్తరం ఈమెయిల్‌లో కూడా పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు అన్యాయంగా ఉన్నా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, పైసా ఖర్చు ఉండదు. ఈఎంఐ తగ్గించమని అంబుడ్స్‌మన్ బ్యాంకును బలవంతం చేస్తారని మాత్రం ఆశ పెట్టుకోకండి. జవాబే ఇవ్వకపోవడం, చార్జీలు ఇష్టమొచ్చినట్టు వేయడం, ఏజెంట్ల వేధింపు, ఇలాంటి వాటికి అది బాగా పనిచేస్తుంది.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ ఒప్పుకోవద్దు. ఎదుటివాడు ముఖం చిట్లించాడని పది వేలు ఇవ్వగలిగిన చోట పన్నెండు వేలు అని రావడం మనవాళ్లకు బాగా అలవాటు, రెండో నెలలోనే ఆ మాట తప్పితే మూడోసారి ఎవరూ మీ మాట వినరు.

ఇంతా చేశాక మన ఉదాహరణలో లోనుకు పది వేలు, కార్డుకు 5,400, అంటే 15,400 అక్కడికే అయిపోయింది. యాప్‌కీ నోటుకీ ఏమీ మిగల్లేదు. ఇక్కడ ఇంట్లో బంగారం గురించి మాట్లాడుకోక తప్పదు. తాకట్టు పెట్టడం కాదు, అమ్మడం. ఒక గొలుసు అమ్మి యాప్ లోన్ మూసేసి, మిగిలింది నోటు అసలులోకి కడితే లెక్క దారిలో పడుతుంది. బీరువాలో బంగారం ఉంచుకుని నెలకు మూడున్నర శాతం వడ్డీ కట్టే ఇళ్లు మనలో ఎన్ని ఉంటాయో.

నోటు మీద తీసుకున్న అప్పులు

బయటి అప్పులకు ఫారాలు, ఈమెయిళ్లు ఉండవు, మనిషితో మనిషి మాట్లాడుకోవడమే. ఒకరిద్దరు పెద్దమనుషుల్ని పెట్టుకుని, అప్పులిచ్చిన వాళ్లందరినీ వీలైతే ఒకేసారి కూర్చోబెట్టండి. విడివిడిగా మాట్లాడితే ఎవడు గట్టిగా అరిస్తే వాడికి ముందు కడతాం, మెతకగా ఉన్న పెద్దాయన మిగిలిపోతాడు. అందరి ముందూ లెక్కల కాగితం పెట్టి, ఇప్పటి నుంచి వడ్డీ ఆపమనో రూపాయికి తగ్గించమనో అడిగి, అసలు నెలనెలా ఎవరికెంతో రాసి అందరి సంతకాలూ తీసుకోండి.

కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. 'ఫలానా తేదీన అసలు కింద 5,000 ముట్టినది' అని తేదీతో, ఇచ్చినాయన చేతి సంతకంతో ఉండాలి. ఫోన్‌పేలో పంపుతున్నాం కదా అనుకుంటారు గానీ, అది వడ్డీ కింద కట్టిందా అసలు కింద కట్టిందా అని రేపు గొడవ వస్తే ఫోన్ ఏం చెబుతుంది? నోటుకు మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లదని తెలిసి కొందరు కాలం గడిపేద్దామని చూస్తారు, అయితే మీరు గడువులోపల కొంత కట్టి చెల్లు రాసినా, బాకీ ఉందని రాసి సంతకం పెట్టినా మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. నోటు తిరగరాసేటప్పుడు పాత నోటు వెనక్కి తీసుకుని చింపేయకుండా కొత్తదాని మీద సంతకం పెట్టకండి. తీరిపోయాక ఖాళీ చెక్కులు, సంతకం పెట్టిన ఖాళీ నోట్లు అన్నీ అడిగి తెచ్చుకోవాలి, మొహమాటపడ్డారో ఆ ఖాళీ నోటే తర్వాత కోర్టులో కనిపిస్తుంది.

సెటిల్‌మెంట్ చేసుకోవాల్సి వస్తే

ఉద్యోగం పోయింది, లేదా ఆరోగ్యం దెబ్బతింది, నెలనెలా కట్టే దారే లేదు, కానీ ఏ స్థలమో అమ్మితే కొంత మొత్తం చేతికొస్తుంది, ఇలాంటప్పుడు ఓటీఎస్ (వన్ టైమ్ సెటిల్‌మెంట్) సరైనదే. బాకీలో కొంత వదిలేసి మిగతాది తీసుకుని ఖాతా మూసే పద్ధతి అది, దీనికి ప్రతి బ్యాంకూ బోర్డు ఆమోదించిన విధానం పెట్టుకోవాలని రిజర్వ్ బ్యాంక్ 2023 జూన్‌లో చెప్పింది. మీ హక్కు మాత్రం కాదు, ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. వాయిదాల్లో కడతానంటే మూడు నెలలు దాటకుండా అడగండి, దాటితే దాన్ని రీస్ట్రక్చర్ (షరతులు సడలించిన లోను) కింద లెక్కేస్తారు కాబట్టి వాళ్లు వెనకాడతారు. వ్యవసాయ అప్పులు కాకుండా మిగతా వాటిలో, సెటిల్ చేసుకున్న వాళ్లకు ఆ సంస్థ కనీసం ఏడాది దాకా కొత్త అప్పు ఇవ్వకూడదు. మీ అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రిపోర్టులో 'క్లోజ్డ్' అని కాకుండా 'సెటిల్డ్' అని పడుతుంది, ఆ ముద్ర ఏళ్ల తరబడి ఉండి ఇంటి లోనుకు వెళ్లినప్పుడు అడ్డం పడుతుంది.

లెటర్ చేతికి రాకుండా రూపాయి కట్టొద్దు. అందులో ఖాతా నంబరు, కట్టాల్సిన మొత్తం, ఆఖరి తేదీ, ఇదే పూర్తి చివరి చెల్లింపు అనే మాట, మిగతా బాకీ వదిలేస్తున్నామనీ, జామీనుదారుకూ ఇక సంబంధం లేదనీ, కేసులుంటే వెనక్కి తీసుకుంటామనీ ఉండాలి. డబ్బు లోన్ ఖాతాలోకే కట్టాలి. ఏజెంట్ తన యూపీఐకి పంపమంటే అక్కడితో మాటలు ఆపేయండి.

నెలకు ఇంత ఫీజు కట్టండి, ఈఎంఐలు ఆపేయండి, మీ తరఫున మేం సగానికి సెటిల్ చేయిస్తాం అనే కంపెనీల ప్రకటనలు ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు. వాళ్లు చేసేది చాలావరకు మీరే రాయగల ఉత్తరం రాయడం, ఈలోపు మీ సిబిల్ పోతుంది, వడ్డీ పెరుగుతుంది, వాళ్ల ఫీజు మాత్రం వాళ్లకు అందుతూ ఉంటుంది. అంతకంటే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి వెళ్లడం మేలు. కేసు పడకముందే లోక్ అదాలత్‌లో పెట్టించొచ్చు, అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ అంత విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. అప్పీలు లేదంటే మీకూ లేదని, కట్టలేని అంకెకు సంతకం పెట్టి వచ్చి తర్వాత ఏడిస్తే లాభం లేదు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, ఆదాయం తక్కువున్న వాళ్లకు లాయర్‌ను ఉచితంగా ఇస్తారు.

ఐపీ పెడితే, అంటే కోర్టులో దివాలా పిటిషన్ వేస్తే, పోతుంది కదా అని కొందరంటారు. వ్యక్తుల దివాలాకు 2016 చట్టంలో భాగం ఉంది గానీ కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చిన వాళ్లకే అది అమలవుతోంది, మనలాంటి వాళ్లకు ఇప్పటికీ 1920 నాటి చట్టమే దిక్కు. ఐపీ పెడితే మీ ఆస్తి కోర్టు చేతికి పోతుంది, దివాలా పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలో భార్య పేరునో తమ్ముడి పేరునో ఉత్తుత్తిగా రాసినవి కూడా కొట్టేయొచ్చు, ఏళ్లు పడుతుంది. లాయర్‌తో కూర్చుని మాట్లాడకుండా అటు వెళ్లకండి.

ఈలోపు రికవరీ వాళ్ల ఫోన్లు ఎలాగూ వస్తాయి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదు, మీ బంధువులకూ ఆఫీసుకూ ఫోన్ చేసి పరువు తీయకూడదు. చేస్తే తేదీ, టైము, నంబరు రాసుకుని, రికార్డింగ్ ఉంచుకుని ముందు బ్యాంకుకు, తర్వాత అంబుడ్స్‌మన్‌కు పంపండి. యాప్ వాళ్లు ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తే అది రికవరీ కాదు, నేరం, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అంతా కట్టేశాక నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. ఇల్లో స్థలమో తాకట్టులో ఉంటే కాగితాలు 30 రోజుల్లో వెనక్కి ఇవ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మీకు కట్టాలి. రెండు నెలలు ఆగి సిబిల్ రిపోర్టు తీసి చూడండి, ఏడాదికోసారి ఉచితం. ఖాతా ఇంకా బాకీ ఉన్నట్టే కనిపిస్తే సర్టిఫికెట్ జతచేసి ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయలు మీకు రావాలి, అది కూడా అడగండి.