డెవలపర్ ఎంపిక ఎక్కడ తప్పుతోంది? లక్షణం, కారణం, పరిష్కారం

నెలల తరబడి ఇంటర్వ్యూలు చేసినా సరైన డెవలపర్ దొరకకపోతే ‘మంచివాళ్ళు లేరు’ అని తేల్చేయడం తేలిక. చాలాసార్లు లోపం మన పరీక్షలోనే ఉంటుంది. ఉద్యోగంలో చేయాల్సిన పని ఒకటి, ఇంటర్వ్యూలో కొలిచేది మరొకటి. కింది లక్షణాల్లో మీకు ఎదురవుతున్నది చూసుకుని అక్కడి నుంచి సరిచేయండి. అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు.

లక్షణం: అప్లికేషన్లు వందల్లో వస్తున్నాయి, పనికొచ్చేవి రెండో మూడో

కారణం దాదాపు ఎప్పుడూ ప్రకటనే. పదిహేను టెక్నాలజీల పేర్లు వరసగా రాస్తే, ఆ పదిహేనూ రెజ్యూమేలో పెట్టుకున్నవాళ్ళే వస్తారు. వాటిలో నాలుగు లోతుగా తెలిసి, మిగతావి నెలలో నేర్చుకోగలిగినవాళ్ళు ‘మనకు కాదులే’ అని ఊరుకుంటారు.

ప్రకటన రాసే ముందు, కొత్తగా చేరే మనిషి మొదటి మూడు నెలల్లో పూర్తి చేయాల్సిన పనులు మూడు వాక్యాల్లో రాయండి. ‘చెల్లింపుల విభాగాన్ని పాత సర్వర్ నుంచి విడదీయాలి’ అన్నంత స్పష్టంగా ఉండాలి. ఆ పనులకు తప్పనిసరైనవి మూడు నాలుగే తేలతాయి. వాటినే తప్పనిసరి అనండి, మిగతావి ‘తెలిస్తే మంచిది’ కింద పెట్టండి. జీతం పరిధి కూడా ప్రకటనలోనే ఇచ్చేయండి.

లక్షణం: ఇంటర్వ్యూలో అదరగొట్టారు, పనిలో తేలిపోయారు

అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే, కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. పజిళ్ళు, బైనరీ ట్రీని తిరగేయడం లాంటి ప్రశ్నలకు నెల రోజులు సాధన చేస్తే ఎవరైనా సిద్ధమైపోతారు. రోజువారీ పని వేరు: ఎవరో రాసిన కోడ్ చదవడం, ఎక్కడ తప్పు జరగవచ్చో పసిగట్టడం, దేన్ని ముందు సరిచేయాలో తేల్చుకోవడం.

అందుకే కోడ్ రాయించడంతో పాటు కోడ్ చదివించండి. మీ ఉత్పత్తికి దగ్గరగా ఉండేలా, ఆర్డర్ల నివేదిక తయారుచేసే 60 నుంచి 80 లైన్ల ప్రోగ్రామ్ ఒకటి రాసి, అందులో కావాలనే ఈ లోపాలు పెట్టండి:

- యూజర్ టైప్ చేసిన పేరును నేరుగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష) వాక్యంలో అతికించడం. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి, అంటే పేరు బదులు ఆదేశాలు టైప్ చేసి డేటాబేస్‌ మీద చేసే దాడికి, తలుపు తీసినట్టే.
- డబ్బు లెక్కను ఫ్లోట్‌లో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే సంఖ్యా రకం) చేయడం. చాలా భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది.
- లూప్ లోపల ఒక్కో ఆర్డర్‌కి విడిగా డేటాబేస్‌ని అడగడం. 500 ఆర్డర్లకు 501 క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) నడుస్తాయి: జాబితాకు ఒకటి, ఒక్కో ఆర్డర్‌కి ఒకటి.
- ఎర్రర్‌ని పట్టుకుని ఏమీ చేయని ఖాళీ క్యాచ్ బ్లాక్.
- అర్థం కాని వేరియబుల్ పేర్లు రెండు మూడు.

ఇరవై నిమిషాలు ఒంటరిగా చదవనివ్వండి, తర్వాత అరగంట మాట్లాడండి. ఎన్ని దొరికాయన్నది సగం సంగతే. ఏ వరసలో చెప్పారో గమనించండి. వేరియబుల్ పేర్ల దగ్గరే ఆగిపోయి ఇంజెక్షన్‌ని దాటేసినవాళ్ళు రేపు మీ కోడ్ రివ్యూలోనూ (ఒకరి కోడ్‌ని ఇంకొకరు పరిశీలించేటప్పుడు) అదే చేస్తారు. ‘ఈ ఫంక్షన్‌ని ఎవరు పిలుస్తారు, రోజుకు ఎన్ని ఆర్డర్లు?’ అని అడిగినవాళ్ళను జాగ్రత్తగా వినండి. నెలకోసారి ఇరవై ఆర్డర్లకు నడిచే నివేదికైతే లూప్‌లోని క్వెరీలను ఇప్పుడే కదపనక్కర్లేదని చెప్పగలగడం, ఆ లోపాన్ని కనిపెట్టడం కంటే పెద్ద నైపుణ్యం.

జూనియర్ అయితే ఇందులో రెండు పట్టుకుని, ఎందుకు తప్పో చెప్పగలిగితే చాలు. సీనియర్ అయితే ఇంకో అడుగు వేయండి: ఫ్లోట్‌లో ఉన్న పాత డేటాను సర్వీసు ఆపకుండా ఎలా మారుస్తారు?

లక్షణం: అనుభవం ఉన్నవాళ్ళే ఇంటర్వ్యూలో తడబడుతున్నారు

ఎదురుగా ముగ్గురు కూర్చుని చూస్తుంటే బోర్డు మీద కోడ్ రాయడం ఉద్యోగంలో ఎక్కడా లేని పరిస్థితి. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు బోర్డు మీద చేసే సమస్యలు ఇచ్చి చూశారు. ఎదుట మనిషి ఉన్నవారి పనితీరు, ఒంటరిగా గదిలో చేసినవారితో పోలిస్తే సగానికి పైగా పడిపోయింది. మీరు కొలుస్తున్నది బెదురునే కావచ్చు.

సొంత ల్యాప్‌టాప్, అలవాటైన ఎడిటర్ వాడనివ్వండి. డాక్యుమెంటేషన్ చూసుకోనివ్వండి. సమస్య చెప్పి, సందేహాలు తీర్చి, గదిలోంచి లేదా కాల్‌లోంచి బయటికి రండి. రాయడం అయ్యాక కూర్చుని చర్చించండి.

లక్షణం: ఇంటికిచ్చిన అసైన్‌మెంట్ అద్భుతంగా ఉంది, కానీ నమ్మలేకపోతున్నాం

ఏఐ సాధనాలతో ఎవరైనా చక్కటి కోడ్ పంపగలరు. నిషేధిస్తే ఉపయోగం లేదు, కనిపెట్టలేరు కూడా. వాడుకోమనే చెప్పి, పరీక్షను మార్చండి. అసైన్‌మెంట్ రెండు మూడు గంటలకు మించకూడదు. పంపాక 45 నిమిషాల కాల్ పెట్టి, ఆ కోడ్‌లోనే ఒక మార్పు అప్పటికప్పుడు చేయించండి: ‘ఒకే ఆర్డర్ రెండుసార్లు వస్తే రెండోది పట్టించుకోకూడదు’ లాంటిది. కోడ్ అర్థమైన మనిషి నిమిషాల్లో సరైన ఫైలు తెరుస్తారు. అర్థం కానివాళ్ళు ఫైళ్ళ మధ్య తిరుగుతూనే ఉంటారు.

చేరిన మనిషి, ఇంటర్వ్యూలో మాట్లాడిన మనిషి ఒకరేనా అనే అనుమానం కూడా రావచ్చు. అన్ని రౌండ్లలో కెమెరా ఆన్‌లో ఉంచమనండి, చివరి రౌండ్ మొదట్లో గుర్తింపు కార్డు చూడండి. మొదటి రౌండ్ సమాధానాల్లో ఒకదాన్ని చివర్లో మళ్ళీ ప్రస్తావించి కొనసాగించమంటే ఇంకా తేలిగ్గా బయటపడుతుంది.

లక్షణం: ఒకే అభ్యర్థి గురించి ప్యానెల్‌లో ఒకరు ‘సూపర్’, ఇంకొకరు ‘వద్దు’

ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న అడిగి, చివర్లో గట్టిగా మాట్లాడినవాళ్ళ మాట నెగ్గుతోందన్నమాట. ఎంపిక పద్ధతులపై జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2022లో సైకాలజిస్టు పాల్ సాకెట్ బృందం ప్రచురించిన విశ్లేషణలో, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి ఒకే కొలతతో మార్కులిచ్చే ఇంటర్వ్యూ మొదటి స్థానంలో నిలిచింది. ఎన్నేళ్ళ అనుభవం అన్నది మాత్రం చాలా బలహీనమైన సూచిక. రెజ్యూమే మీద ‘పదేళ్ళు’ చూసి మురిసిపోయే అలవాటు అందుకే మానుకోవాలి.

నాలుగైదు అంశాలు ఎంచుకోండి: కోడ్ చదవడం, లోపం వెతకడం, డిజైన్, వివరించే తీరు. ఒక్కోదానికి 1 నుంచి 4 వరకు మార్కులు. ఏ మార్కుకు ఎలాంటి సమాధానం రావాలో ముందే ఒక్కో వాక్యం రాసి ఉంచండి. మధ్య అంకె లేదు కాబట్టి ‘పర్లేదు’ అని తప్పించుకోవడం కుదరదు. ప్రతి ఒక్కరూ మార్కులు, కారణం విడిగా రాసి పంపాకే చర్చ మొదలవ్వాలి.

అనుభవం గురించి అడిగేటప్పుడు ‘మేము’ అన్న చోటల్లా ఆగి, ‘అందులో మీరు రాసిన భాగం ఏది?’ అనండి. ప్రొడక్షన్‌లో (యూజర్లు వాడుతున్న అసలు సిస్టమ్‌లో) ఏదో పడిపోయిన ఒక రోజు గురించి చెప్పించి, మొదట ఏ లాగ్ (సిస్టమ్ రాసుకునే నమోదు) చూశారు, ఏ అంచనా తప్పయింది అని తవ్వండి. చేసినవాళ్ళకు వివరాలు వాటంతటవే వస్తాయి.

లక్షణం: నచ్చినవాళ్ళు మధ్యలోనే జారిపోతున్నారు

ఆరు రౌండ్లు, వారానికొకటి. నైపుణ్యం ఉన్నవాళ్ళకు ఈలోగా ఇంకో ఆఫర్ వచ్చేస్తుంది. అభ్యర్థి వెచ్చించే సమయం మొత్తం ఐదారు గంటలు దాటకుండా, మొదటి కాల్ నుంచి నిర్ణయం వరకు రెండు వారాల్లో ముగించండి. ‘వద్దు’ అనుకున్నవాళ్ళకు కూడా రెండు రోజుల్లో చెప్పేయండి.

లక్షణం: చేరి రెండు నెలలైంది, పని కదలడం లేదు

ఎంపికను తప్పుపట్టే ముందు మూడు విషయాలు చూడండి. ప్రాజెక్టు సొంత మెషీన్‌లో నడవడానికి ఎన్ని రోజులు పట్టింది? పంపిన కోడ్‌కి రివ్యూ ఎన్ని రోజులకు వస్తోంది? సందేహం అడగడానికి పేరు పెట్టి ఒక మనిషిని కేటాయించారా? వీటిలో ఏది తేడాగా ఉన్నా, ఇంకొకరిని తెచ్చినా కథ అదే. మొదటి వారంలోనే ఒక చిన్న మార్పు ప్రొడక్షన్‌కి వెళ్ళేలా పని ఇవ్వండి. మూడూ సరిగ్గా ఉండి కూడా నెల దాటాక చిన్న పనులు ఆగిపోతుంటే, ఇంటర్వ్యూలో రాసుకున్న మార్కులు తీసి చూడండి. ఏ అంశానికి ఎక్కువ మార్కులిచ్చి, పనిలో అది కనిపించడం లేదో గుర్తించి, ఆ అంశానికి వేసిన ప్రశ్నను తర్వాతి ఇంటర్వ్యూకి ముందే మార్చండి.