పాత పత్రికల్లో ఒక చిన్న అమెరికా ఊరిని వెతకడం ఎలా?

ఊరి పేరు టైపు చేసి, పైన కనిపించిన నాలుగు ఫలితాలను అతికించి దాన్నే చరిత్ర అనేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకే ఇది రాస్తున్నాను. ఉదాహరణకు ఇల్లినాయిస్ రాష్ట్రం దక్షిణపు కొసన, ఒహాయో నది మిసిసిపీలో కలిసేచోట ఉన్న కేరో నగరాన్ని తీసుకుందాం. 1920లో పదిహేను వేల పైచిలుకు జనాభా. 2020 జనగణనలో 1,733.

కావలసినవి కంప్యూటర్, ఇంటర్నెట్, ఒక నోటుపుస్తకం. స్ప్రెడ్‌షీట్ వద్దు, చేత్తో రాసుకుంటేనే తేదీలు గుర్తుంటాయి. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నడిపే ‘క్రానిక్లింగ్ అమెరికా’ వెబ్‌సైటులో పాత పత్రికలు ఉచితం, కేరోలోనే అచ్చయిన ‘బులెటిన్’ పత్రిక కూడా అక్కడ దొరుకుతుంది. పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ చూడండి. వెతుకులాటను ఒక్కో దశాబ్దానికి పరిమితం చేయండి. ఇంతవరకూ ఎవరైనా చేయగలరు.

అసలు చిక్కు ఇక్కడే. ఈజిప్టు రాజధాని కైరోకీ ఈ ఊరికీ ఇంగ్లిషులో అక్షరాలు ఒకటే, Cairo. 1882 పెట్టి వెతికితే వసంతంలో మిసిసిపీ వరదలు, సెప్టెంబరులో బ్రిటిష్ సైన్యం ఈజిప్టు రాజధానిని పట్టుకున్న వార్తలు కలగాపులగంగా వస్తాయి. అప్పుడు అందరూ చేసే పని ‘ఈజిప్టు’ అన్న మాట ఉన్న ఫలితాలన్నీ తీసేయమనడం. దయచేసి ఆ పని చేయకండి! దక్షిణ ఇల్లినాయిస్‌కు జనం పెట్టుకున్న ముద్దుపేరే ఈజిప్టు. చుట్టుపక్కల థీబ్స్, కర్నాక్ అని ఈజిప్టు పేర్లే పెట్టుకున్న ఊళ్లు కూడా ఉన్నాయి. ఆ మాటను తీసేస్తే స్థానికులు తమ ప్రాంతం గురించి ప్రేమగా రాసుకున్నవే ముందు ఎగిరిపోతాయి. తీసేయడం కాదు, చేర్చాలి: ఒహాయో, కరకట్ట, స్టీమరు, పొరుగు రాష్ట్రం కెంటకీలోని పడూకా ఊరు, ఇల్లినాయిస్ సెంట్రల్ రైలు. వీటిలో ఒక్కొక్కదాన్నే ఊరి పేరుకు జతచేసి విడివిడిగా వెతకండి. అన్నీ ఒకేసారి గుప్పిస్తే ఏదీ రాదు. జార్జియాలోనూ న్యూయార్క్ రాష్ట్రంలోనూ ఇదే పేరుతో ఊళ్లున్నాయి కాబట్టి పేజీ తెరిచి పక్క వార్తలు కూడా చదవాలి.

ఇంకో ఉచ్చు అమెరికా అంతర్యుద్ధ కాలానిది. 1861 సెప్టెంబరులో ఉత్తరాది సేనాని గ్రాంట్ ఇక్కడ మకాం వేశాక ఈ ఊరు యుద్ధవార్తలు టెలిగ్రాఫులో బయటికి పోయే గుమ్మమైంది. వార్త మొదట్లో కేరో అని ఉన్నంతమాత్రాన సంఘటన అక్కడ జరిగినట్టు కాదు. బెల్మాంట్ పోరు నది అవతల మిస్సోరీలో, డొనెల్సన్ కోట లొంగుబాటు టెనెస్సీలో. కబురు మాత్రం కేరో నుంచి. వార్త పంపిన ఊరు, సంఘటన జరిగిన ఊరు అని నోటుపుస్తకంలో రెండు వరసలు గీసుకోండి. ఇది చేయనివాళ్లు జరగని యుద్ధాలను ఆ ఊరికి అంటగడుతుంటారు.

పేరున్న రచయితలను చివరికి ఉంచండి. ఇంగ్లిషు నవలాకారుడు డికెన్స్ 1842లో స్టీమరులో అటు వెళుతూ చూసి, జ్వరాలకూ చావుకూ పుట్టిల్లన్నట్టు రాశాడు. అందరూ దానితోనే మొదలుపెడతారు, అక్కడే ఆగిపోతారు. దారినపోయేవాడి చూపు అది. పైగా అతను చూసింది ఊరు కట్టబోయిన కంపెనీ దివాలా తీశాక మిగిలిన బురదనేల. బులెటిన్‌లో కనీసం ఒక ఏడాది సంచికలు, ప్రకటనలతో సహా తిరగేశాకే డికెన్స్ దగ్గరికి వెళ్లండి.