కసిమి కుండను పెట్టడం, ఏళ్ల తరబడి కాపాడుకోవడం

శ్రీకాళహస్తి కలంకారీలో బొమ్మకు రూపం ఇచ్చేది నల్లగీత, ఆ గీతకు ఆధారం కసిమి. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసే ఈ ద్రవాన్ని ఒకసారి సరిగా కుదుర్చుకుంటే, అదే కుండను మళ్లీ మళ్లీ నింపుకుంటూ ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారు బజారు రంగుల వైపు చూడకుండా ముందు ఒక కుండ పెట్టుకుని, దాని స్వభావం తెలిసేదాకా దానితోనే పని చేయాలని నా గట్టి అభిప్రాయం. చెయ్యి ఎంత కుదిరినా, కసిమి బలం తెలియని చిత్రకారుడి గీత ఒకనాడు నల్లగా, మరొకనాడు బూడిదగా వస్తూనే ఉంటుంది.

పాత మేకులు, గుర్రపు నాడాలు, విరిగిన కొడవళ్లు వంటి ఇనుప ముక్కలను ఏరుకోండి. రంగు పూసినవీ, నూనె అంటినవీ అయితే నిప్పుల్లో కాల్చి, ఆరాక కడగాలి. తగరపు పూత ఉన్న రేకులు, స్టెయిన్‌లెస్ స్టీలు పనికిరావు. పది లీటర్ల నీటికి కిలో బెల్లం, మూడు నాలుగు కిలోల ఇనుము అనే లెక్కతో మొదలుపెట్టవచ్చు. బెల్లంతో పాటు కొంత తాటిబెల్లం కూడా వేసేవారున్నారు. మట్టికుండలో ఇనుము వేసి, బెల్లం నీళ్లు పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టి నీడలో ఉంచండి. గాలి చొరబడకుండా బిగించకూడదు, ఎందుకంటే బెల్లం పులిసి ముందు సారాగా, తరువాత గాలి తగిలి పులుసుగా మారితేనే ఇనుము అందులో కరుగుతుంది. రోజూ ఒకసారి కర్రతో కలపండి. మొదట నురుగు లేస్తుంది, తరువాత పుల్లని వాసన వస్తుంది, ఆపైన నురుగు అణిగి ద్రవం ముదురు రంగుకు తిరుగుతుంది. ఎండాకాలంలో ఇది రెండు వారాలకే కుదరవచ్చు, చలి రోజుల్లో మూడు వారాలు దాటినా తొందరపడకూడదు. చివరికి పైతేటను గుడ్డలో వడగట్టి వేరే పాత్రలోకి తీసుకోవాలి.

ఇలా తీసిన కసిమి చూడటానికి అంత నల్లగా ఉండదు, నలుపు పుట్టేది గుడ్డ మీదే. కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఎండబెట్టిన నూలు గుడ్డలో వగరు పదార్థం ఉంటుంది. కసిమిలోని ఇనుము దానితో కలిసి, గాలి తగిలిన కొద్దీ నల్లబడుతుంది. పాలలోని కొవ్వు గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. అందువల్ల గీత చెడినప్పుడు తప్పు కుండలో ఉందో గుడ్డలో ఉందో తేల్చుకోవాలి. దానికి నేను ఎప్పుడూ రెండు పేలికలు దగ్గర ఉంచుకుంటాను. ఒకటి కరక్కాయ పట్టించినది, రెండోది ఉతికిన ఉత్త నూలు గుడ్డ. రెండింటి మీదా ఒకే కలంతో ఒక్కో గీత గీసి కాసేపు ఆగండి. ఉత్త గుడ్డ మీద గీత ఆరాక తుప్పు రంగుకు తిరిగి, కరక్కాయ గుడ్డ మీద చూస్తుండగానే నల్లబడితే రెండూ సరిగ్గా ఉన్నట్టే. కరక్కాయ గుడ్డ మీద కూడా గీత గోధుమరంగులోనే నిలిచిపోతే కరక్కాయ చాలలేదని అర్థం. బూడిదరంగు దగ్గరే ఆగిపోతే కసిమి పలచబడిందని, అంచులు దూదిపింజల్లా విచ్చుకుంటే పాలు తక్కువయ్యాయని, లేదా గుడ్డలో ఇంకా తడి ఉందని గుర్తించాలి.

కలం కూడా కసిమికి తగ్గట్టు ఉండాలి. సన్నని వెదురు పుల్లను మొనదేల్చి, మొనకు కాస్త పైన ఉన్నిగానీ మెత్తని పాత నూలు గుడ్డగానీ చుట్టి, దారంతో బిగించి కడతారు. ఆ చుట్టు కసిమిని పీల్చుకుని ఉంటుంది, వేళ్లతో మెల్లగా నొక్కితే మొన దాకా దిగుతుంది. పెడన, మచిలీపట్నం వైపు అచ్చులతో అద్దేవారు జిగురు కలిపి చిక్కబరుస్తారుగానీ కలంతో గీసేవారికి ద్రవం పలుచగా, ధారగా దిగాలి. గీత మొదలుపెట్టే ముందు మొనను పక్కన పెట్టుకున్న పేలికకు ఒకసారి తాకించండి. అలా చేయకపోతే మొదటి చుక్క గుడ్డ మీద బొట్టుగా పడిపోతుంది, దాన్ని తీయడం దాదాపు అసాధ్యం.

పాత కుండను నిలబెట్టుకోవడంలో ముఖ్యమైనది, ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేయకపోవడం. మూడో వంతు ఉండగానే, అదే లెక్కన కలిపిన బెల్లం నీళ్లు పోసి, అరిగిన ఇనుము స్థానంలో కొన్ని కొత్త ముక్కలు వేస్తే పాత కసిమి తోడులా పనిచేసి త్వరగా కుదురుతుంది. మళ్లీ పరీక్ష గీత నల్లబడేదాకా ఆ కుండను పనిలోకి తీసుకోవద్దు. బూజు కడితే పైపొరను తీసేసి వడగట్టండి, ఎండాకాలం నీరు ఇగిరి చిక్కబడితే నీళ్లు కలిపి మళ్లీ పరీక్షించండి. చిక్కని కసిమితో నలుపు బాగా వస్తుందనుకుని అలాగే వాడేయడం ప్రమాదం, ఎందుకంటే మోతాదు మించిన ఇనుము కాలక్రమేణా నూలును తినేస్తుంది. 17, 18 శతాబ్దాల కోరమండల్ తీరపు వస్త్రాల్లో తక్కిన రంగులు నిలిచి, నల్లగీతలు ఉన్నచోటే గుడ్డ చిరిగిపోయినవి మ్యూజియంలలో కనిపిస్తాయి. ఓపిక లేక అన్నభేది (ఇనుము, గంధకామ్లం కలిసిన లవణం) కరిగించి వాడేవారు కూడా ఈ సంగతి గమనించాలి. దానితో నలుపు వెంటనే వస్తుందిగానీ, అది వదిలే ఆమ్లం పులిసిన కసిమిలోని ఆమ్లం కంటే చాలా ఘాటైనది, గుడ్డకు అంతకంత చేటు.

కసిమి కలాన్ని, ఎర్రరంగు గుడ్డకు పట్టడానికి పూసే పటిక నీళ్లలో ఎప్పుడూ ముంచకండి, రెండింటికీ వేర్వేరు కలాలు, వేర్వేరు గిన్నెలు ఉంచుకోండి. పటికలో కొద్దిపాటి ఇనుము కలిసినా, తరువాత చెట్టు వేళ్ల నుంచి తీసిన ఎర్రరంగులో ఉడకబెట్టినప్పుడు ఎర్రగా రావలసిన చోటు ముదురు గోధుమగానో ఊదాగానో తేలుతుంది. అప్పటికి ఇక సరిదిద్దే దారి ఉండదు.