పక్కటెముకల ప్లేటు రూపకల్పన: ఊపిరితో పాటు వంగే బిగింపు

చెయ్యి విరిగితే కట్టు కట్టి నెలన్నర కదలకుండా ఉంచవచ్చు, పక్కటెముకకు ఆ వెసులుబాటు లేదు. నిమిషానికి 15 శ్వాసల లెక్కన చూసినా రోజుకు 21,600 సార్లు, అతుకు గట్టిపడే మూడు నెలల్లో దాదాపు 20 లక్షల సార్లు ఆ ఎముక వంగి లేస్తుంది. కనుక విరిగిన ముక్కలను కలిపి పట్టే లోహపు ప్లేటు గీయడానికి కూర్చున్నవారు అది ఎంత బరువు మోయగలదన్న దానికన్నా, ఇన్నిసార్లు వంగినా విరగకుండా, ఎముక కదలికను పూర్తిగా ఆపేయకుండా ఎలా నిలుస్తుందన్నదే ముందుగా ఆలోచించాలి.

పక్కటెముక విరిగిన వారిలో ఎక్కువ మందికి ఆపరేషన్ అవసరం ఉండదు, నొప్పి తగ్గించి ఊపిరి బాగా తీసుకునేలా చూస్తే సరిపోతుంది. వరుసగా మూడు లేదా అంతకు మించిన ఎముకలు ఒక్కొక్కటి రెండేసి చోట్ల విరిగినప్పుడు మాత్రం ఆ భాగం ఛాతీ గోడ నుంచి విడిపోయి, ఊపిరి పీల్చినప్పుడు లోపలికి, వదిలినప్పుడు బయటికి కదులుతుంది. వైద్యులు ఫ్లెయిల్ చెస్ట్ అనే ఈ స్థితే మన ప్లేటు ప్రధానంగా ఎదుర్కోవలసింది.

గీత మొదలుపెట్టే ముందు అనాటమీ విభాగానికి వెళ్లి ఒక ఎండు పక్కటెముకను చేతిలోకి తీసుకోండి. అది విల్లులా వంగి ఉండడమే కాదు, పొడవునా మెలి తిరిగి కూడా ఉంటుంది. లోపలి వైపు కింది అంచు వెంబడి బొటనవేలు జరిపితే ఒక గాడి తగులుతుంది. బతికున్న మనిషిలో ఆ గాడిలోనే పైనుంచి వరుసగా సిర, ధమని, నరం నడుస్తాయి. 1970లలో ఫ్రాన్స్‌లో రోబేర్ జుడే రూపొందించిన బిగింపు ఎముకను పైఅంచు, కిందిఅంచు రెండింటినీ కొక్కేలతో పట్టుకునేది. కిందిఅంచును పట్టిన కొక్కెం నరాన్ని నొక్కితే ఎముక అతికిన తరువాత కూడా నొప్పి మిగిలిపోవచ్చు. అందువల్ల అంచును పట్టే డిజైన్ అయితే పైఅంచు మీదుగా మాత్రమే పట్టాలి, కిందిఅంచు జోలికి పోకూడదన్నది నా దృష్టిలో సడలింపు లేని నియమం.

వంపు కొలతలకు ఒక మిల్లీమీటరు లేదా అంతకన్నా సన్నని ముక్కలుగా తీసిన సీటీ స్కాన్లు వాడాలి. కుడి ఎడమలు అద్దంలో ప్రతిబింబాల వంటివి కనుక రెంటికీ విడి ప్లేట్లు కావాలి. ముందే వంపు తీర్చిన ప్లేటు కూడా ప్రతి రోగికీ అచ్చంగా సరిపోదు, సర్జన్ అక్కడికక్కడే కొంత వంచుకోవలసి వస్తుంది. ఆ వంపు స్క్రూ రంధ్రాల దగ్గర పడితే వాటిలోని మరలు చెడి స్క్రూ బిగియదు కాబట్టి, రంధ్రాల మధ్య భాగాన్ని కాస్త సన్నం చేసి వంపు అక్కడే పడేలా చూడాలి.

లోహం విషయంలో నాకు టైటానియం మిశ్రమమే సబబనిపిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు బిరుసు సుమారు 200 గిగాపాస్కల్స్ (బిరుసును కొలిచే ప్రమాణం), టైటానియం మిశ్రమానిది 110 ప్రాంతం, ఎముక పైపెంకుది 20 లోపే. ఇంప్లాంట్లకు వాడే టైటానియం హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ లోహ సంస్థ మిధానిలోనే తయారవుతుంది. అయితే లోహం ఎంపికకన్నా మందం ప్రభావమే ఎక్కువ, ఎందుకంటే వంపును ఎదిరించే బిరుసు మందం ఘనంతో పెరుగుతుంది. 1.5 మిల్లీమీటర్ల ప్లేటును 2 మిల్లీమీటర్లు చేస్తే బిరుసు రెండు రెట్లు దాటిపోతుంది, ఆ భారమంతా చివరి స్క్రూల మీద పడి అవి ఊడివచ్చే ప్రమాదం ఉంది.

పక్కటెముక పైపెంకు మందం సుమారు ఒక మిల్లీమీటరే, లోపలంతా స్పాంజిలా మెత్తన. మామూలు స్క్రూ అందులో నిలవదు కనుక తల ప్లేటులోనే మరలతో బిగుసుకునే లాకింగ్ స్క్రూలు, విరుపుకు ఇరువైపులా కనీసం మూడేసి ఉండాలి. స్క్రూ అవతలి పెంకును పట్టాలి కానీ దాని మొన ఊపిరితిత్తి పొరను గుచ్చకూడదు. అందుకోసం పొడవులను చిన్న చిన్న తేడాలతో అందించాలి, డ్రిల్లు లోతు మించకుండా ఆపే అడ్డు తప్పనిసరిగా ఇవ్వాలి.

పరీక్షల్లో ఎముకల ప్లేట్ల ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్ 382 చెప్పే నాలుగు బిందువుల వంపు పరీక్ష (ప్లేటును నాలుగు చోట్ల ఆనించి వంచేది), దానితో పాటు ఫెటీగ్ పరీక్ష (లక్షల సార్లు వంచి చూసేది) ముఖ్యమైనవి. మా తొలి నమూనా ఒకటి విరిగినప్పుడు భూతద్దం కింద చూస్తే, పగులు విరుపుకు దగ్గరి రంధ్రం అంచున, మిల్లింగ్ (లోహాన్ని చెక్కే యంత్రపు పని) వదిలిన ఒక సన్నని గీత దగ్గర మొదలైనట్టు కనిపించింది. అంచులు గుండ్రంగా చేసి, మెరుగు పెట్టించిన తరువాతే మళ్లీ పరీక్షకు పంపాము. ఐఎస్‌ఓ 10993 ప్రకారం శరీరానికి సరిపడుతుందో లేదో చూసే పరీక్షలకు విశాఖపట్నంలోని వైద్య పరికరాల పారిశ్రామిక వాడ మెడ్‌టెక్ జోన్‌లో ప్రయోగశాలలు ఉన్నాయి. 2017 వైద్య పరికరాల నియమాల కింద ఎముకల ప్లేట్లు సి తరగతిలోకి, అంటే ప్రమాదం కాస్త ఎక్కువగా ఉండే పరికరాల్లోకి వస్తాయి కాబట్టి, ప్రతి మార్పుకూ కారణం తొలిరోజు నుంచే రాసి ఉంచండి.

పనిముట్లను చివరికి వాయిదా వేయకండి. పైవరుస ఎముకల వెనుక భాగాన్ని భుజం పలక కప్పేస్తుంది కనుక తిన్నని డ్రైవర్ అక్కడ దూరదు, తొంభై డిగ్రీలు తిరిగినది కావాలి. సర్జన్‌ను పిలిచి, తడి చేతి తొడుగులతో, చిన్న కోత ఉన్న బొమ్మ ఛాతీ మీద ప్రతి స్క్రూనూ ఆయన చేతనే బిగింపజేయండి. డ్రైవర్ మొన స్క్రూ తలను తనంతట తాను పట్టుకుని ఉండాలి, తలకిందులుగా పట్టుకున్నా అది జారి ఛాతీలోకి పడకూడదు.